బేతమంగళం కట్ట మీద మధ్యయుగం

(పట్టణ పౌరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెలవులలో పిల్లలకు చరిత్రను ఎట్లా చూపించాలి అన్న విషయం మీద మాట్లాడమని నన్ను ఆహ్వానించారు. చరిత్ర అనగానే మనవాళ్ళు రెండు చోట్ల పేర్లు చెబుతారు. ఒకటి హంపి, రెండవది మైసూరు. రెండూ చూడదగినవే. నేను మాత్రం ఈ రోజు ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక చెరువు కట్ట గురించి మాట్లాడదలచుకున్నాను. అయితే ఆ కట్ట దగ్గరకు నేరుగా రాలేను. మద్రాసు మీదుగా రావలసి ఉన్నది. ఎందుకో కొంచెం ఓపికగా వినండి.

గత వేసవిలో మా వీధి పిల్లలను పదకొండు మందిని వెంటబెట్టుకొని దక్షిణచిత్రకు వెళ్ళాము. అది మద్రాసు నుండి మహాబలిపురం వెళ్ళే సముద్రతీరపు దారిలో, ముట్టుకాడు వద్ద ఉన్నది. 1996లో ప్రజలకు తెరిచారు. దక్షిణాది నాలుగు ప్రాంతాల పాత ఇళ్ళను, పడగొట్టి పారవేయబోతున్న వాటిని, కర్ర కర్రగా విప్పి, లెక్క వేసి, తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. తెలుగు వాకిట్లో రెండు ఇళ్ళను మా పిల్లలు బాగా జ్ఞాపకం పెట్టుకున్నారు. అప్పటి నల్లగొండ జిల్లా కొయ్యలగూడెం నుండి వచ్చిన చేనేత ఇల్లు ఒకటి. విశాఖ తీరపు చుట్టిల్లు మరొకటి. గుండ్రని గోడ, దాదాపు నేలను తాకేటట్లు దిగిన తాటాకు కప్పు. తుఫాను గాలి ఆ కప్పును పట్టుకొని లేపడానికి అంచు దొరకదు. ఆ సంగతి తెలిసిన తరువాత పిల్లలు ఆ ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగారు.

ఒకచోట మగ్గం ముందు ఒకాయన కూర్చొని నేస్తున్నాడు. మా పిల్లలలో తొమ్మిదేళ్ళ పాప ఒకతె చాలాసేపు నిలబడి చూసింది. చూసి, నా చెయ్యి పట్టుకొని, "తాతా, ఈయన సాయంత్రం ఇంటికి పోతాడా, ఇక్కడే ఉంటాడా?" అని అడిగింది. పోతాడమ్మా అన్నాను. "అయితే ఇది ఆయన ఇల్లు కాదు కదా" అన్నది.

ఆ ప్రశ్న నన్ను రైలులో కూడా వదలలేదు.

ఆరుబయట మ్యూజియం అన్న ఆలోచనకు వయసు నూటముప్పై ఏళ్ళు దాటింది. స్వీడను దేశంలో ఆర్తుర్ హజేలియస్ అనే ఆయన 1891లో స్టాక్‌హోంలో స్కాన్‌సెన్ అనే ప్రదర్శనశాలను తెరిచాడు. యంత్రాలు వచ్చి పల్లెలు ఖాళీ అవుతున్న రోజులవి. దేశం నలుమూలల నుండి ఇళ్ళు తెప్పించి, వాటిలో మనుషులను కూడా ఉంచి, పాత పనులు చేయించి చూపించాడు. ఫ్రాన్సులో బుర్గుండి ప్రాంతంలో గెదెలోన్ అనే చోట ఇంకొక విచిత్రం జరుగుతున్నది. 1997లో మొదలుపెట్టి, పదమూడవ శతాబ్దపు పద్ధతిలో ఒక కోటను కొత్తగా కడుతున్నారు. విద్యుత్తు యంత్రాలతో కాదు, ఆనాటి పనిముట్లతో. రాయి అక్కడి గనిలోనే కొడతారు, సున్నం కలుపుతారు, మనిషి లోపల నడిస్తే తిరిగే పెద్ద చెక్క చక్రంతో బరువులు పైకి లేపుతారు. చూడవచ్చినవాళ్ళు టిక్కెట్టు కొని చూస్తారు. కట్టడం తెలుసుకోవడానికి కట్టడం కంటె మంచి మార్గం లేదన్నది వాళ్ళ వాదన. నాకు ఆ వాదన నచ్చింది. కాని అక్కడ కూడా మా పాప అడిగిన ప్రశ్న అడగవచ్చు. సాయంత్రానికి అందరూ వేషం విప్పి ఇళ్ళకు పోతారు.

మరి, సాయంత్రం ఇంటికి పోనవసరం లేని మధ్యయుగం ఎక్కడైనా ఉన్నదా అంటే, ఉన్నది. మన జిల్లాలోనే ఉన్నది. దానికి టిక్కెట్టు లేదు, గేటు లేదు, సూచనల బోర్డు కూడా చాలాచోట్ల లేదు. మనం రోజూ బస్సులో దాని పక్కనుండే పోతున్నాము.

మధ్యయుగం అన్న మాటను నేను ఇక్కడ స్థూలంగా వాడుతున్నాను. గంగరాజుల నాటి నుండి విజయనగరం వరకు అనుకోండి. గంగరాజులు తమను కువలాలపుర వరేశ్వరులమని బిరుదు వేసుకున్నారు. ఆ కువలాలమే మన కోలారు. తలకాడు వాళ్ళకు తరువాతి రాజధాని. ఆపైన ఈ నేల మీదికి బాణులు, నొలంబులు, చోళులు, హొయసళులు, విజయనగరంవారు వరుసగా వచ్చారు. వచ్చిన ప్రతివారూ రాళ్ళ మీద వ్రాయించి పోయారు. ఆ రాతలను బి. లూయీ రైస్ దొర సేకరించి 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటంగా అచ్చువేశాడు. ఆ సంపుటమంతా ఒక్క కోలారు జిల్లాదే. అందులో కన్నడ శాసనాలున్నాయి, తమిళ శాసనాలున్నాయి, సంస్కృతం ఉన్నది, తెలుగు ఉన్నది. ఈ పుస్తకంలో మన మునిసిపాలిటీ వారు ఇన్ని భాషలకు చోటిచ్చారంటే, అది ఈ జిల్లాకు కొత్త ఆచారమేమీ కాదని గుర్తుచేస్తున్నాను.

ఇప్పుడు చెరువు దగ్గరకు వస్తాను.

మన జిల్లాకు ఏడాది పొడుగునా పారే నది లేదు. నందికొండల వైపు పుట్టిన పాలారు ఉన్నదంటే ఉన్నది. మన జిల్లా దాటి, కుప్పం సీమలోకి దిగి, తమిళదేశం చేరి సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో తప్ప దానిలో నీళ్ళు కనబడవు. అందువల్ల ఇక్కడ మనిషి బ్రతకాలంటే వానను పట్టి నిలపాలి. ఒక చెరువు నిండి పొర్లితే ఆ నీరు దిగువ చెరువుకు, అది నిండితే ఇంకా దిగువకు, ఈ విధంగా గొలుసు కట్టినట్లు వేల చెరువులు. చిత్తూరు, అనంతపురం జిల్లాల నుండి వచ్చిన మనకు ఇది వింత కాదు. మన ఊళ్ళలోనూ అదే ఏర్పాటు. చెరువు నిండి నీరు పొర్లిపోయే చోటును మనం మరవ అంటాము, కన్నడిగులు కోడి అంటారు. మన తూమే వాళ్ళకు తూబు. కట్ట తెగితే మనకు గండి.

బేతమంగళం చెరువు పాలారు మీద కట్టినది. ఆ ఊరి పాత పేరు విజయాదిత్యమంగళం. బాణరాజు విజయాదిత్యుని పేరు మీద వచ్చినది. పదవ శతాబ్దంలో ఆ కట్టకు గండి పడగా నొలంబరాజు కాలంలో మళ్ళీ కట్టించినట్లు శాసనం చెబుతున్నది. పన్నెండవ శతాబ్దంలో, హొయసళుల కాలంలో, మరొకసారి బాగుచేశారు. అంటే ఒక రాజవంశం కట్టింది, ఇంకొక వంశం అతికింది, మూడవ వంశం మళ్ళీ అతికింది. వాళ్ళు ఒకరితో ఒకరు యుద్ధాలు చేసుకున్నవాళ్ళే. చెరువు దగ్గరికి వచ్చేసరికి ముందటి వాడు కట్టినదానిని పాడుపెట్టలేదు. పాడుపెడితే పన్ను రాదు, ఆ లెక్క కూడా ఉన్నదనుకోండి.

ఇక దీనికీ, మనకూ ఉన్న సంబంధం వినండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి ఇక్కడ బంగారపు గనులను పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. ఆర్కాటు వైపు నుండి తమిళులు, చిత్తూరు వైపు నుండి తెలుగువారు, ఇంకా ఎందరో వేల సంఖ్యలో వచ్చారు. 1902లో శివనసముద్రం జలపాతం నుండి గనులకు విద్యుత్తు వచ్చింది. అప్పటికి మన దేశంలో పెద్ద నగరాలలో చాలావాటికి కూడా లేని వైభవమది. మన తాతలు దీపాల వెలుతురులో గనిలోకి దిగారు. మరి ఇంటికి వచ్చి త్రాగిన నీళ్ళు ఎక్కడివి? బేతమంగళం చెరువువి. ఇరవయ్యవ శతాబ్దం తొలి ఏళ్ళలో అక్కడ నీటిని శుద్ధిచేసి, గొట్టాలు వేసి, గనుల ఊరికి తెచ్చారు. ప్రపంచంలోకెల్లా లోతైన గనులలో లెక్కకు వచ్చిన ఛాంపియన్ రీఫ్, మూడు కిలోమీటర్లకు పైగా దిగిన గని, వెయ్యేళ్ళ నాటి మట్టికట్ట వెనుక నిలిచిన నీళ్ళు త్రాగి పనిచేసింది. మా అమ్మమ్మ వీధి కొళాయి దగ్గర బిందె పెట్టుకొని వరుసలో నిలబడేదట. ఆమెకు నొలంబులెవరో తెలియదు. తెలియవలసిన పని కూడా లేదు, నీళ్ళు వచ్చాయి కాబట్టి.

నేను పిల్లలను మొదట అక్కడికే తీసుకువెళ్ళాను. కట్ట మీద నడిపించాను. కట్టకు లోపలివైపు రాతి పేర్పు ఎందుకున్నది, బయటివైపు గడ్డి ఎందుకున్నది అని అడిగించాను. అల మట్టిని కోయకుండా రాయి, వాన మట్టిని కరిగించకుండా గడ్డి. ఇంత చిన్న విషయాన్ని ఇంజనీరింగు చదివే కుర్రవాడు కూడా అంతకుముందు గమనించలేదన్నాడు. గమనించకపోవడం అతని తప్పు కాదు. కట్ట మీద నడిచే పని అతనికి ఎప్పుడూ పడలేదు.

తరువాత ముళబాగిలు దారిలో ఒక చిన్న ఊరి చెరువు దగ్గర ఆగాము. ఊరి పేరు చెప్పను, కారణం తరువాత మీకే తెలుస్తుంది. అక్కడ తూము దగ్గర ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. తెలుగే మాట్లాడుతున్నాడు. వాళ్ళ వంశం ఆ చెరువుకు నీరుగంటి. నీరుగంటి అంటే తెలుసు కదా, తూము తీసి, మూసి, ఏ మడికి ఎన్ని గడియలు నీళ్ళు పారాలో చూసేవాడు. తూము మీద రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డరాళ్ళు, ఆ రాళ్ళకు తొలిచిన రంధ్రాల గుండా దిగే పొడుగాటి కొయ్య, కొయ్య చివర నీటి అడుగున రంధ్రాన్ని మూసే బిరడా. కొయ్యను ఎంత ఎత్తితే అంత నీరు. ఇదే ఏర్పాటును మధ్యయుగపు తూములలోనూ చూస్తాము. మార్పు చాలా తక్కువ.

మా పాప ఆయననూ అడిగింది. "తాతా, నువ్వు సాయంత్రం ఇంటికి పోతావా?"

"యాడికి పోయేది పాపా? ఇంటికి పోతాను, బువ్వ తింటాను, రాత్రి మళ్ళా వస్తాను. పైమడి వాడు రాత్రిపూట దొంగగా తూము ఎత్తుతాడు. కాయకుంటే కిందిమడి వాడు ఎండిపోతాడు" అన్నాడు.

"మీకు జీతమెవరిస్తారు?" అని మా వాళ్ళలో ఒకడు అడిగాడు.

"ఇప్పుడు ఎవరూ ఇయ్యరు నాయనా. పంట వస్తే కళ్ళంలో ఇంత అని కొలిచేవాళ్ళు. మా నాయన కాలానికి మాన్యం ఉండె. ఇప్పుడు అందరికీ బోరు ఉంది. చెరువు ఎవరికి కావాల?"

ఆయన చెప్పిన మాన్యం సంగతి శాసనాలలో ఉన్నదే. చెరువు త్రవ్వించినవానికి, కట్ట బాగుచేసేవానికి ఆ చెరువు క్రింది పొలంలో కొంత భాగం వంశపారంపర్యంగా ఇచ్చేవారు. కన్నడ శాసనాలలో దానిని కట్టుకొడిగె అంటారు. మన రాయలసీమలో దశబంధం అనేవారు. పని చేసినంతకాలం భూమి నీది, పని మానితే భూమి పోతుంది అన్న ఒడంబడిక. దక్షిణచిత్రలో నేతగాని మగ్గానికి జీతం ఇచ్చేవారున్నారు. ఇక్కడ నీరుగంటికి లేరు. మ్యూజియంలో ఉన్నవాడే సుఖంగా ఉన్నాడు అనిపించింది నాకు.

లేవబోతూ ఉండగా, ఆయన కూర్చున్న రాయి మీద గీతలు కనబడ్డాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అక్షరాలు. ఆ శాసనం ఒక అంచున విరిగి ఉన్నది. మిగిలిన ముక్క ఏదని అడిగితే, పక్కన బట్టలు ఉతికే రాతిని చూపించాడు. ఆయనను నిందించి ప్రయోజనం లేదు. రాయి అక్కడ ఉన్నది, కూర్చోవడానికి వీలుగా ఉన్నది. ఊరి పేరు చెబితే రాళ్ళ వ్యాపారం చేసేవాడు ముందు వెళతాడు, శాసనాలు చదివేవాడు తరువాత వెళతాడు. అందుకే చెప్పలేదు. సంబంధిత కార్యాలయానికి ఉత్తరం వ్రాశాము. ఇంకా జవాబు రాలేదు.

కోలారులోని కోలారమ్మ గుడి, సోమేశ్వరాలయం వంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. కాని పొలం గట్టున పడివున్న వీరగల్లుకు, చెరువు కట్ట మీద ఒరిగిన శాసనానికి ఆ భాగ్యం సాధారణంగా ఉండదు. బెంగుళూరులో మిథిక్ సొసైటీ వారు నగరం చుట్టుప్రక్కల శాసనాలను వెదకి, త్రిమితీయ చిత్రాలుగా కంప్యూటరులో భద్రపరుస్తున్నారు. పెరుగుతున్న నగరం రాళ్ళను మింగివేయకముందే రూపమైనా దక్కించుకోవాలన్నది వాళ్ళ తొందర. మన జిల్లా మీదికి కూడా లేఅవుట్లు వస్తున్నాయి. ఆ తొందర మనకూ ఉండవలసినదే.

కోలారమ్మ గుడి గురించి రెండు మాటలు. చాలామంది మొక్కు తీర్చుకొని, తేలు కాటు నుండి కాపాడే చేలమ్మకు దండం పెట్టి, నేలలో తొలిచిన పాత హుండీలో కానుక వేసి తిరిగి వస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు గోడల అడుగు వరుసలను కూడా చూడండి. చోళుల కాలపు తమిళ అక్షరాలు బారులు తీరి ఉంటాయి. పదకొండవ శతాబ్దంలో, కులోత్తుంగ చోళుని కాలపు శాసనంలో గుడి ఖర్చుల పట్టిక ఉన్నది. ఏ దేవతకు నైవేద్యం ఎంత, ఏ సేవకునికి వడ్లు ఎన్ని అని లెక్కలు. ఆ జీతగాళ్ళలో వ్యాకరణం చెప్పే అధ్యాపకుడు కూడా ఉన్నాడు. అమ్మవారి గుడిలో వ్యాకరణం బడి! మధ్యయుగం అంటే కత్తులు, గుర్రాలు మాత్రమే అనుకునే పిల్లలకు ఈ జీతాల పట్టిక చూపించాలి. ఒక ఊరు ఎట్లా నడిచిందో అందులో తెలుస్తుంది.

ఆ గోడ దగ్గర ఒక మంచి సంఘటన జరిగింది. మా గుంపులో తమిళం చదువుకున్న పొరుగింటి అబ్బాయి ఉన్నాడు. అతడు గోడ మీద వేలు పెట్టి క, ట, ప అని కొన్ని అక్షరాలు పట్టుకున్నాడు. మాటలు తెలియలేదు, అక్షరాలు తెలిశాయి. ఆవనిలో కన్నడ శాసనం ముందు నిలబడ్డప్పుడు కన్నడం బడిలో చదివే మా పిల్లల వంతు వచ్చింది. ఆ కాలంలో కన్నడానికి, తెలుగుకు లిపి ఇంచుమించు ఒకటే కాబట్టి, తెలుగు మాత్రమే వచ్చిన నేను కూడా కూడబలుక్కున్నాను. రాతి మీద కాసిని నీళ్ళు పోసి, ప్రక్కనుండి వెలుతురు పడేటట్లు చూస్తే అక్షరాలు లేచి వస్తాయి. సుద్దముక్కతో గీయవద్దు, గోకవద్దు. ఉదయం ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నాలుగు దాటాక వెళితే ఎండే ఆ పని చేసిపెడుతుంది.

ఆవని ఊరిని సీతమ్మ కథతో ఎరుగనివారు లేరు. లవకుశులు అక్కడే పుట్టారని కొండ మీద మొక్కుకుంటారు. కొండ క్రింద రామలింగేశ్వరాది దేవాలయాల సముదాయం నొలంబుల నాటిది. పదవ శతాబ్దంలో అక్కడ త్రిభువనకర్తార అనే శైవ మఠాధిపతి ఉండేవాడు. నలభై ఏళ్ళు ఆ స్థానాన్ని ఏలి, యాభై గుళ్ళు, రెండు పెద్ద చెరువులు చేయించాడని శాసనం. గుళ్ళ లెక్కకు ప్రక్కనే చెరువుల లెక్క చెప్పారు. సన్యాసి చేసే పుణ్యకార్యాలలో చెరువు త్రవ్వించడం ఒకటి ఆ రోజుల్లో.

అయితే త్రవ్వించడం వేరు, త్రవ్వడం వేరు. ఇది నేను దాటిపోలేని విషయం. శాసనంలో త్రవ్వించినవాని పేరు ఉంటుంది. మట్టి మోసినవాని పేరు ఉండదు. దక్షిణదేశమంతటా చెరువులు త్రవ్విన, బండలు కొట్టిన వారిలో వడ్డెరలు ముఖ్యులు. ఇక్కడ వారిని భోవి అంటారు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. పని ఉన్నచోటికి గుడారం వేసుకొని, పని అయితే లేచిపోయిన వలసజనం. మనం ఈ ఊరికి గనుల కాలంలో వచ్చినవాళ్ళమని చెప్పుకుంటాము. మనకంటె ఎన్నో తరాల ముందే మన భాష మాట్లాడేవాళ్ళు ఈ జిల్లా మట్టిని తట్టలతో మోశారు. వాళ్ళ వంశంవారు ఈ సభలో కూడా ఉండి ఉంటారు. లేచి చెయ్యెత్తమని అడగను, కాని వాళ్ళకు నా నమస్కారం వేరుగా చెబుతున్నాను.

మధ్యయుగాన్ని పిల్లలకు చూపించేటప్పుడు తీపి పూయకూడదు. వీరగల్లు మీద పశువులను కాపాడుతూ చనిపోయిన వీరుడు, పై అరలో అతనిని తీసుకుపోయే అప్సరసలు, ఆ పైన కైలాసం కనబడతాయి. పిల్లలు సంతోషంగా ఫోటో తీసుకుంటారు. దాని ప్రక్కనే మాస్తికల్లు ఉంటుంది. ఎత్తిన చెయ్యి, చేతికి గాజులు. సహగమనం చేసిన స్త్రీకి నిలిపిన రాయి. మా గుంపులోని ఒక తల్లి దాని ముందు ఫోటో వద్దన్నది. పిల్లలు ఎందుకని అడిగారు. ఆమె వాళ్ళను చెట్టు క్రింద కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్లు చెప్పింది. ఆ అరగంట పాఠం ఏ మ్యూజియంలోనూ మాకు దొరకలేదు. వేషం వేసుకొని రాజు, రాణి, సైనికుడు అయినవాళ్ళను చూపించవచ్చు. ఆ స్త్రీ వేషం ఎవరు వేస్తారు?

ముళబాగిలు అంటే తూర్పువాకిలి. విజయనగర రాజ్యానికి ఇది ఒక ప్రాంతపు ముఖ్యపట్టణం. బుక్కరాయల కుమారుడు కంపరాయలు ఇక్కడి నుండే దక్షిణానికి దండెత్తి మధుర దాకా వెళ్ళాడు. ఆయన భార్య గంగాదేవి ఆ దండయాత్రను సంస్కృతంలో మధురావిజయం అనే కావ్యంగా వ్రాసింది. పూర్వకవులను కీర్తిస్తూ మన తిక్కనను కూడా స్మరించింది. అందువల్ల ఆమె తెలుగు ఆడబిడ్డ అని పండితుల ఊహ. ఊహ నిజమైనా కాకపోయినా, ఈ జిల్లాతో ముడిపడిన ఒక స్త్రీ పధ్నాలుగవ శతాబ్దంలో మహాకావ్యం వ్రాసిందన్నది నిజం. మన ఆడపిల్లల కోసం ఈ ముక్క ప్రత్యేకంగా చెబుతున్నాను. అక్కడి నుండి పది కిలోమీటర్ల దూరంలోని కురుడుమలెలో పదమూడు అడుగుల పైబడిన ఏకశిలా వినాయకుడున్నాడు. ప్రక్కన సోమేశ్వరాలయం. ఆకలివేళకు చేరితే చెట్టు నీడ, మంచినీళ్ళు రెండూ దొరుకుతాయి.

బంగారం మాట ఎత్తకుండా ఈ ఊళ్ళో ప్రసంగం ముగిస్తే మీరు ఊరుకోరు. బంగారాన్ని ఇంగ్లీషు కంపెనీ కనిపెట్టిందని మన పిల్లలు అనుకుంటారు. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ సరిహద్దుల సర్వేకు వచ్చినప్పుడు, బంగారం చూపిస్తే బహుమతి ఇస్తానన్నాడు. ఊరిగాం రైతులు బండ్ల మీద మట్టి తెచ్చి, ఆయన కళ్ళముందే కడిగి, బంగారపు రవ్వలు చూపించారు. మారికుప్పం వద్ద అప్పటికే మనుషులు గుంటలు త్రవ్వి లోపలికి దిగుతున్నారు. ఆ చెక్కపళ్ళెంలో మట్టి కడిగే విద్య వారెన్ నేర్పినది కాదు. చాంపియన్ రీఫ్ వైపు పాత గుంటలలో దొరికిన కొయ్యముక్కలను పరీక్షించి, అవి దాదాపు పదిహేను వందల ఏళ్ళ నాటివని తేల్చారు. ఈ నేలకు ఒక జీవన మ్యూజియం కావాలంటే, కోట కట్టనవసరం లేదు. ఒక పళ్ళెం, ఒక బుట్ట మట్టి, కడగడం తెలిసిన ఒక ముసలివాడు చాలు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. గనిలో దిగినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళ పిల్లలు తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగుళూరు వెళ్ళి, రాత్రికి వస్తున్నారు. తాత గురించి అడగడానికి వాళ్ళకు మిగిలేది ఆదివారం ఒక్కటే.

ఆ రైలు వెళ్ళే బెంగుళూరు నుండి ఇప్పుడు మనకు ఒకటి ఎదురు వస్తున్నది. 2018 నుండి ఆ నగరపు వాడిన నీటిని శుద్ధిచేసి మన జిల్లా చెరువులలో నింపుతున్నారు. బోర్లలో నీరు పెరిగిందని రైతులు కొందరు సంతోషిస్తున్నారు. శుద్ధి చాలదని, మట్టికీ మనిషికీ హాని అని మరికొందరు కోర్టుకు వెళ్ళారు. నా అభిప్రాయం అడిగితే, నీళ్ళు రావడం మంచిదే, కాని ఆ నీటిని ప్రతి నెలా పరీక్షించి, ఫలితాన్ని చెరువు కట్ట మీద పలక కట్టి, ఊరికి అర్థమయ్యే భాషలో వ్రాయాలి. పాతవాళ్ళు చెరువు సంగతులన్నీ రాతి మీద చెక్కించి కట్ట మీదే నిలిపారు, దారిన పోయేవాడు చదవాలని. మనం కనీసం రేకు మీదైనా వ్రాయలేమా?

మునిసిపాలిటీ పెద్దలు ఇక్కడే ఉన్నారు కనుక ఒక కోరిక. వేషాలు, విగ్రహాలు, రంగుదీపాలతో పెద్ద పార్కు మాకు వద్దు. బేతమంగళం కట్ట మీద నాలుగు భాషలలో ఒక బోర్డు, మూడు నెలలకు ఒకసారి బడిపిల్లలకు ఒక బస్సు, తూము తెలిసిన నీరుగంటికి ఆ రోజుకు గౌరవవేతనం. ఖర్చు పెద్దది కాదు. ఆయనకు డెబ్బై దాటింది. కొడుకు బెంగుళూరులో సెక్యూరిటీ పని చేస్తున్నాడు. కొయ్యను ఎంత ఎత్తితే ఎన్ని మడులకు నీరు పారుతుందో ఆయనకు చేతి కొలతలో తెలుసు, కాగితం మీద ఎక్కడా లేదు.

అంతవరకూ మేము ఆగము. వచ్చే నెల రెండవ ఆదివారం మళ్ళీ బయలుదేరుతున్నాము. ఉదయం ఆరు గంటలకు రాబర్ట్‌సన్‌పేట బస్టాండులో కలుసుకుందాము. మొదట బేతమంగళం, తరువాత ఆవని, మధ్యాహ్నం కురుడుమలె, తిరుగు ప్రయాణంలో ఆ చిన్న చెరువు. పిల్లలకు టోపీ, నీళ్ళసీసా, గీతల నోటుబుక్కు ఉంటే చాలు. తమిళం చదవగలవారు, పాత కన్నడం తెలిసినవారు తప్పక రండి, వాళ్ళు లేకపోతే మేము సగం గోడల ముందు మూగవాళ్ళమవుతాము. మా పాప నీరుగంటి తాత కోసం ఒక టార్చిలైటు కొని పెట్టుకున్నది. రాత్రి తూము కాయడానికి పనికివస్తుందట.